తుఫాను బావ, బట్టల బుట్ట

తుఫాను బావకి నిదానం అంటే ఒళ్లు మంట. భోజనానికి కూర్చుంటే పక్కవాళ్లు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపు చెయ్యి కడుక్కుని లేచేవాడు. మెట్లు రెండేసి చొప్పున దిగేవాడు. ఎదుటివాడు మాట మొదలుపెడితే మిగతా సగం తనే పూర్తిచేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేసేవాడు. ఆ పేరు పెట్టింది మరదలు. పెట్టిన రోజు నుంచి ఆయన సొంత పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు.

దారిలో చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే టోయింగ్ లారీ నడపడం ఆయన పని. ఆ లారీని సందుల్లో తిప్పడం చూస్తే కుట్టుమిషను మీద గుడ్డ తిప్పినట్టుండేది. అంత తుఫానూ ఒక్కచోట మాత్రం చల్లబడేది. ఇనుపతాడు చుట్టే వించ్ మీట పట్టుకున్నాడంటే ఇక మనిషి వేరు. "తాడుని గుంజకూడదు. బతిమాలాలి," అనేవాడు. తాడు బిగిసే చప్పుడు విని, బండి ఎటు జారబోతోందో చెప్పేవాడు.

ఒక వానరోజు కొత్తగా పనిలో చేరినవాడెవడో తొందరపడి ఆ మీట ఒక్కసారిగా గుంజాడు. తాడు అదిరింది. లాగుతున్న కారు పక్కకి జారింది. దానికీ లారీకీ మధ్య బావ మోకాలు పడింది. మోకాలు అతుక్కుంది గానీ క్లచ్ తొక్కే పనికి ఇక రాదని తేల్చేశారు. ఆ లారీల యార్డువాళ్లు మంచివాళ్లే, పని తీసెయ్యలేదు, ఫోను ముందు కుర్చీ వేశారు. ఇప్పుడు ఎవరి బండి ఎక్కడ ఆగిందో రాసుకోవడం, ఎవర్ని పంపాలో చెప్పడం ఆయన ఉద్యోగం. పంపినవాడు పది నిమిషాల్లో చేరకపోతే కుర్చీలో కూర్చునే కుడికాలితో నేలని తొక్కేవాడు, అక్కడేదో యాక్సిలరేటర్ ఉన్నట్టు.

మనిషి ఇలా కుర్చీలో ఉడికిపోతుంటే చూడలేక మరదలు ఒక ఆట తెచ్చింది. ఆమె కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తుంది. నలుగురి దాకా కలిసి ఆడొచ్చు. లారీకి సరుకు ఎక్కించి కొండదారిలో రేవు దాకా చేర్చాలి. ఒకరు నడుపుతారు. ముగ్గురు వెనక నిలబడి, చెక్కపెట్టెలు జారిపోకుండా తలా ఒక తాడు పట్టుకుంటారు. ఎవరు నడపాలన్నది ఎవరూ అడగలేదు. బావ కూర్చున్నాడు, స్టీరింగు పట్టుకున్నాడు. పెళ్లాం, మరదలు, బావమరిది తాళ్లు పట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి అందరూ ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని బావ ముందుగదిలో చేరేవాళ్లు. అత్తగారు ఆడేది కాదు గానీ వెనక కుర్చీలో కూర్చుని, "పాపం, ఆ పెట్టెల్లో ఏముందో ఏమిటో, మెల్లిగా పోనివ్వండి," అనేది. ఏముందో ఎవరికీ తెలీదు.

ఈ ఆటకి ఒక పద్ధతుంది. ఎవరో ఒకరు తన కంప్యూటర్లో గది తెరవాలి, మిగతావాళ్లు అందులోకి వచ్చి చేరాలి. బండి గుంతలో పడితే ఎంత ఎగరాలి, తాడు ఎంత బిగియాలి, పెట్టె ఎంత ఒరగాలి, ఈ లెక్కలన్నీ గది తెరిచిన కంప్యూటరే చేస్తుంది. మరదలి షాపులో అయితే ఎవరి మిషను ఎలాంటిదో చూసి తెరుస్తారు. ఇక్కడ అత్తగారు ముందే తీర్పు చెప్పేసింది. ఇంటికి పెద్దల్లుడు ఉండగా ఇంకొకళ్లు గది తెరవడమేమిటి, అంది. అప్పట్నుంచి గది తెరిచేది బావే. పాత కంప్యూటరు ముక్కుతూ మూలుగుతూ లెక్కలు చేసేది. సరుకు ఠంచనుగా రేవుకి చేరేది.

తుఫానుకి ముక్కే కంప్యూటరు నచ్చుతుందా? కొత్తది తెచ్చాడు. అద్దాల పెట్టె, లోపల రంగురంగుల లైట్లు, పైన గాలి పోయే జాలీ. తెర మూలన సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చూపే అంకె. పాతదానిలో అది అరవై దాటేది కాదు. ఇందులో రెండు వందల నలభై. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ అంకె చూపించి, తర్వాత మంచినీళ్లిచ్చేవాడు.

సరిగ్గా ఆ కంప్యూటరు వచ్చిన వారం నుంచి కొండదారిలో ఉన్న చెక్కల వంతెన మీద సరుకు ఎగరడం మొదలైంది.

ఒరగడం కాదు, జారడం కాదు, ఎగరడం. బండి వంతెన మీదికి ఎక్కగానే పెట్టెలు వణికేవి, తాళ్లు టింగుమని బిగిసేవి, మరుక్షణం మొత్తం సరుకు గాల్లోకి లేచి లోయలో పడేది. ఒకోసారి లారీ కూడా దాని వెంటే. మెల్లిగా నడిపినా అంతే, గట్టిగా నడిపినా అంతే. అత్తగారు నోరు నొక్కుకునేది.

బావ ఊరుకునే మనిషి కాదు. ఒంటరిగా ఆడి చూశాడు. ఆట ఒక్కడికి కూడా బండి ఇస్తుంది, అప్పుడు సరుకుని తనే కట్టేసి ఇస్తుంది, తాళ్లు ఉండవు. అదే వంతెన, అదే వేగం. పెట్టె కదల్లేదు. ఇంకోసారి, మరోసారి, బండి ఊపుతూ కూడా. ఉహూఁ, కదల్లేదు. దాంతో ఆయనకి విషయం పట్టపగలంత స్పష్టంగా తెలిసిపోయింది. బండి మంచిదే, నడిపేవాడు మంచివాడే, మరి తాళ్లు పట్టుకునేవాళ్లలో ఎవడో ఒకడు వెధవ.

ఆ వెధవ బావమరిది అని తేల్చాడు. అతను మంగలి, సెంటర్లో సొంత షాపుంది. చేతులు తేలిక, నోరు అంతకన్నా తేలిక.

"కత్తెర పట్టుకున్నట్టు పట్టుకుంటున్నావురా తాడుని," అన్నాడు బావ అందరి ముందూ.

"నువ్వు బండిని పట్టుకున్నట్టైతే పట్టుకోవట్లేదులే బావా. ఫోను ముందు కూర్చుని కూర్చుని చెయ్యి పోయినట్టుంది."

ఆ మాట అనకూడనిదని అన్నవాడికీ తెలిసింది, కానీ వెనక్కి తీసుకునే రకం కాదు. ల్యాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అత్తగారు కూతురి చెవిలో అంది, ఒక్కసారి మా వాడిని నడపనిచ్చి చూస్తే పోయేదేముంది, అని. గోడ అవతల నుంచి బావ విన్నాడు. చెవులు చురుకైనవి మరి.

అప్పటికే ఆట తయారుచేసినవాళ్లు పోటీ ప్రకటించారు. వచ్చే ఆదివారం, నలుగురేసి జట్లు, సరుకు క్షేమంగా చేర్చిన జట్లలో ముందున్నవాళ్లు తర్వాతి మెట్టుకి. నలుగురు లేకపోతే పేరే తీసుకోరు. బావమరిది ఇక రాననేశాడు. వస్తే స్టీరింగు తనదేనని మరదలితో కబురు పంపాడు. లారీ పోయాక బావకి మిగిలిన స్టీరింగు అదొక్కటే. ఇదివరకు మోకాలి వల్ల దిగాడు. ఇప్పుడు దిగితే చేతకాక దిగినట్టు.

"నా చేతిలో బండి ఏనాడూ తిరగబడలేదు," అన్నాడు పెళ్లాంతో. ఆమె దంతవైద్యుడి దగ్గర రోగుల్ని వరుసలో కూర్చోబెట్టే ఉద్యోగం చేస్తుంది, అరిచేవాళ్లని చూసి భయపడే మనిషి కాదు.

"నన్నెందుకు అంటారు, నేను తిరగబడిందన్నానా?" అని దండెం మీద బట్టలు తియ్యడానికి వెళ్లింది.

మర్నాడు మరదలు వస్తే ముగ్గురూ ఆడారు. బావమరిది లేడు, తాడు ఒకటి తగ్గింది, అయినా సరుకు ఎగిరింది. బావ పెళ్లాం వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం ఆమెకి తెలుసు. లేచి బయటికి పోయి, ఆరిన బట్టలన్నీ బుట్టలో కుక్కుకుని వచ్చి, ఆ పెద్ద బుట్టని ఠక్కున కొత్త కంప్యూటరు నెత్తిన పెట్టింది. జాలీ మొత్తం మూసుకుపోయింది.

"ఇప్పుడు పోనివ్వండి. ఎవరి తాడో చూద్దాం."

కాసేపటికి వంతెన వచ్చింది. బండి ఎక్కింది. పెట్టెలు ఊగాయి, అంతే. తాళ్లు పాత రోజుల్లోలా మెత్తగా సాగి మెత్తగా సర్దుకున్నాయి. సరుకు ఉయ్యాల్లో పసిపిల్లలా వంతెన దాటింది. ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

ఆమె బట్టలు మడతపెట్టుకుందామని బుట్ట దించింది. మళ్లీ ఆడారు. సరుకు లోయలో పడింది. బుట్ట పెట్టారు. కాస్త ఆగి ఆడితే దాటింది.

ఇంకేముంది, ఇంట్లో ఆ బుట్టకి వచ్చిన మర్యాద పెద్దల్లుడికి కూడా ఎప్పుడూ రాలేదు. ఖాళీ బుట్ట పనికిరాదని, నిండుగా ఉండాలని కనిపెట్టారు. మడతపెట్టిన బట్టలు మళ్లీ విప్పి కుక్కారు. దుప్పటి అయితే ఇంకా బాగా దాటుతోందని బావ అన్నాడు. అత్తగారు చూడ్డానికొచ్చి, ఆ నీలం చీర పైన పెట్టండి, అది అచ్చొచ్చిన చీర, అంది. బుట్ట ఉంటే చాలు, మీ వాడు రాకపోయినా ఇంకొకడిని తెచ్చుకుంటానని బావ ఆవిడతో బడాయి పోయాడు.

మరదలు మాత్రం ముక్కు ఎగబీలుస్తోంది. వెచ్చటి ప్లాస్టిక్ వాసన. చెయ్యి జాలీ మీద పెట్టి ఉలిక్కిపడి తీసేసింది. తర్వాత తెర మూలకి వంగి చూసింది. అక్కడ రెండు వందల నలభై లేదు. అరవైకి అటూ ఇటూ ఊగుతోంది.

"బావా, ఇది బుట్ట మహిమ కాదు. నీ మిషనుకి ఊపిరాడక నీరసపడింది. ఇంకో రెండ్రోజులు ఇలాగే చేస్తే కాలిపోతుంది."

బుట్ట దించేసి కూర్చోబెట్టి చెప్పింది. ఈ ఆట చేసినవాళ్లు తాడు లెక్కని తెర మీద బొమ్మతో ముడిపెట్టారు. తెర మీద ఒక్కో బొమ్మ గీసినప్పుడల్లా తాడు ఒక్కసారి లాగుతుంది. సెకనుకి అరవై బొమ్మలైతే అరవై లాగుళ్లు. ఆట చేసినవాళ్లు అంతవరకే ఊహించారు. బావ మిషను అంతకి నాలుగింతలు గీస్తోంది.

"అంటే తాడు నాలుగింతలు లాగుతోంది," అన్నాడు బావ.

"ఒక్క తాడు కాదు. ముగ్గురివీ. ఒంటరిగా ఆడితే తాళ్లే ఉండవు కాబట్టి నీకు తెలీలేదు. గది తెరిచేది నువ్వు, లెక్కంతా నీ మిషనుది. మా ఎవరి ల్యాప్‌టాప్‌లో గది తెరిచినా ఈ గొడవ లేదు."

"మరి ముందే ఎందుకు తెరవలేదు?"

"పెద్దల్లుడు ఉండగానా?" అంది మరదలు, తల్లి వైపు చూస్తూ. అత్తగారు కొంగు సర్దుకుంది.

మందు చిన్నదే. ఆట సెట్టింగుల్లో ఫ్రేములకి, అంటే ఆ బొమ్మలకి, హద్దు పెట్టే మీట ఉంది. అరవై దగ్గర పెడితే మిషను అంతకి మించి గీయదు. బావకి ఆ మాట కారంలా తగిలింది. గుర్రంలాంటి మిషను తెచ్చుకున్నది కాళ్లు కట్టేసి నిలబెట్టడానికా అన్నాడు. ఆట చేసినవాళ్లది తప్పైతే వాళ్లు దిద్దుకోవాలి గానీ తనెందుకు తగ్గాలన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. మరదలు ఒప్పుకుంది కూడా. కానీ వాళ్లు దిద్దేలోపు ఆదివారం వచ్చేస్తుంది.

"నడిపే బండిని ఎవడైనా చేతులారా కుంటిదాన్ని..." అని బావ అక్కడ ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది. మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

మడతలు పెడుతున్న పెళ్లాం తల ఎత్తకుండా అడిగింది, "నడిపేది మీరా, అదా?"

బావ తెర వైపు చూశాడు. తాళ్లు టింగుమనే చప్పుడు గుర్తు తెచ్చుకున్నాడు. అలాంటి చప్పుడు అంతకుముందు ఒకే ఒక్కసారి విన్నాడు, వానలో.

"అయితే వించ్ మీట గుంజుతున్నది ఇదన్నమాట," అన్నాడు నెమ్మదిగా.

"ఇదే."

"నా నడపడంలో తప్పు లేదు."

"అది మొదట్నుంచీ మీరే అంటున్నారుగా," అంది పెళ్లాం.

"అన్నాను. ఇప్పుడు నమ్ముతున్నాను."

మీట తనే అరవైకి జరిపాడు. ముగ్గురూ ఆడారు. బుట్ట నేల మీదే ఉంది, నీలం చీర బీరువాలోకి పోయింది, సరుకు వంతెన దాటింది. వరసగా ఎన్నిసార్లు ఆడితే అన్నిసార్లు. లోపల ఫ్యాన్లు కూడా అరవడం మానేశాయి.

మిగిలింది బావమరిది. మర్నాడు బావ యార్డు నుంచి నేరుగా అతని షాపుకి పోయి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం నిన్ననే గీయించుకున్నాడు, అయినా చెయ్యమన్నాడు. బెంచీ మీద వరసలో ఇద్దరు ముగ్గురున్నారు. బావమరిది నురగ పూసి, కత్తి తీసి మెడ దగ్గర పెట్టాడు. మాట్లాడ్డానికి బావ అదే సమయం ఎంచుకున్నాడు. ఆయన తొందర అలాంటిది.

తాళ్ల సంగతి, బొమ్మల సంగతి, బుట్ట సంగతి చెప్పాడు. బావమరిది అంతా విని, కత్తి తుడుచుకుంటూ అన్నాడు, "నలుగురిలో అన్నావు బావా. చెప్పేది కూడా నలుగురిలోనే చెప్పు."

బావ అద్దంలో బెంచీ మీదివాళ్లని చూశాడు. మొహం నిండా నురగ. గొంతు సవరించుకుని, షాపంతా వినపడేట్టు అన్నాడు.

"ఇదిగో, అందరూ వినండి. మా బావమరిది తాడు పట్టుకోవడంలో ఏ తప్పూ లేదు. తప్పు నా కంప్యూటరుది."

బెంచీ మీది ముసలాయన పేపరు దించి, ఏ తాడు బాబూ, అని అడిగాడు. ఇంకొకాయన, పశువు తప్పించుకుపోయిందేమో, అన్నాడు. బావమరిదికి నవ్వాగలేదు. కత్తి దూరంగా పెట్టి మరీ నవ్వాడు. నవ్వు అయ్యాక గొంతు తగ్గించాడు.

"ఆ ఫోను మాట నేనూ అనకుండా ఉండాల్సింది బావా."

"అదేం లేదులే."

"స్టీరింగు సంగతి కూడా వదిలెయ్. నాకు క్షవరం తప్ప ఏదీ నిదానంగా చెయ్యడం రాదు."

"అదైనా వచ్చా?" అన్నాడు బావ, గడ్డం తడుముకుంటూ.

ఆదివారం అందరూ చేరారు. బావ గది తెరిచే ముందు మీట ఒకసారి చూసుకున్నాడు. అరవై. పోటీ పట్టిక తెర పక్కన నడుస్తోంది. ఏ జట్టు ఎక్కడుందో, ఎవరి సరుకు పోయిందో అందులో పడుతుంది. మొదటి నుంచీ ముందు పరిగెత్తిన జట్లు ఒక్కొక్కటే వంతెన దగ్గర ఎర్రబడటం మొదలైంది. సరుకు పోయింది, సరుకు పోయింది, సరుకు పోయింది. మంచి మంచి మిషన్లు ఉన్నవాళ్లని అర్థమైంది. మరదలు పాపం అంది గానీ గొంతులో పాపం లేదు.

వీళ్ల బండి వంతెన చేరింది. మొదటి చెక్క దగ్గర బావ యాక్సిలరేటర్ బటను వదిలి, మళ్లీ వేలి కొసతో అందుకున్నాడు. బండి ముందుకు ఒరిగింది. "తాళ్లు గుంజకండి," అన్నాడు. బావమరిది గొణిగాడు, బతిమాలుతున్నాను బావా, అని. పెట్టెలు అటు ఊగాయి, ఇటు ఊగాయి. ఒకటి అంచు దాకా వచ్చి ఆలోచించుకుని వెనక్కి పోయింది. ముందు చక్రాలు మట్టి తొక్కాయి, తర్వాత వెనకవి. అక్కణ్నుంచి రేవు దాకా ఆయన నడిపిన తీరుకి అత్తగారికి మెల్లిగా పోనివ్వమనే పనే పడలేదు. దిగుడు మలుపుల్లో బండిని సందుల్లో తిప్పినట్టే తిప్పాడు. రేవు గేటు దగ్గర ఆపాక, వాళ్ల జట్టు పేరు పక్కన పచ్చగుర్తు పడింది. మొదటి స్థానం కాదు. తర్వాతి మెట్టుకి చాలు.

అత్తగారు అల్లుడి కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. మావాడు తాడు బాగా పట్టాడు, మీరు బాగా నడిపారు, అంది. ఆవిడ నోట ఒకే వాక్యంలో రెండు మెప్పులు రావడం అదే మొదలు.

కాసేపయ్యాక బావమరిది కన్నుగీటాడు. పోటీ అయిపోయిందిగా, సరదాకి ఒక్కసారి ఆ హద్దు తీసి చూద్దాం అన్నాడు. బావ నవ్వి మీట పైకి జరిపాడు. రెండు వందల నలభై. ఫ్యాన్లు హోరుమన్నాయి. బండి వంతెన మీదికి పోగానే తాళ్లు టింగుమన్నాయి, పెట్టెలన్నీ రాకెట్లలా నిటారుగా లేచాయి. ఈసారి లోయలో పడలేదు. ఆకాశంలో అంత ఎత్తుకి పోయి, తిన్నగా వచ్చి లారీ ముందు రోడ్డు మీద పడి పగిలాయి. అందరూ పడీపడీ నవ్వుతుంటే అత్తగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఖాళీవా?" అంది. "ఖాళీ పెట్టెల కోసమా మీరు నా కొడుకుని ఇంట్లోంచి తగిలేసింది?"

బావ మీట మళ్లీ అరవైకి దించి, గట్టిగా ఉందో లేదో చూసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎక్కండి, ఎక్కండి. తర్వాతి సరుకు."